చట్టం పేరు మారింది, రెండు వేల గీత మారలేదు

2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైనప్పుడు మేం ఐదుగురం సిద్దిపేటల ఒక రిటైర్డ్ సారు ఇంట్ల రెండర్రలు కిరాయికి తీసుకొని చదువుకుంటున్నం. పొద్దంత రోడ్డు మీద, రాత్రి అర్రల. బస్సులు బందయినయి. ఊర్లకెళ్ళి రావాల్సిన బియ్యం ఆగినయి, పైసలు ఆగినయి. ఒకటో తారీఖు రానే వచ్చింది. కిరాయి ఎట్లరా అని మేం గునుసుకుంటుంటే సారే మా అర్ర ముంగట నిలబడి అన్నడు: "కొలువు చేసెటోళ్ళకే జీతాలు లేవు, మీరేడికెళ్ళి తెస్తరు? సమ్మె ఒడిసినంక చూద్దాం." సమ్మె 42 రోజులు నడిచింది. సారు ఒక్కనాడు నోరు తెరిచి అడుగలేదు. ఉద్యమం అంటే సభలు, ధర్నాలే కాదు. కిరాయి అడుగని ఓనర్లు గూడ అందుల ఉన్నరు. ఆ లెక్క ఎవ్వలూ రాయలేదు.

సారు ఇప్పుడు లేడు. పోయినేడు పెద్దమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, పేపరోనివి గదా, నాకొక దారి జెప్పు" అన్నది. కింది పోర్షన్ల ఉన్నాయన పది నెలల సంది కిరాయి కడ్తలేడు. నెలకు 5,500. సారు పోయినంక పింఛన్ తగ్గింది, ఆమె మందులకు ఆ కిరాయే ఆధారం. అడుగుతే "వచ్చే నెల" అంటడు. ఖాళీ చెయ్యమంటే "నా ముప్పై వేల అడ్వాన్స్ ముందు వెయ్యి" అంటడు. ఆయన కూడ మోసగాడేం కాదు. టిఫిన్ బండి నడిపెటోడు, పానం బాగలేక బండి బందయింది. ఇద్దరు పిల్లలు బడికి పోతున్నరు.

పెద్దమ్మ తమ్ముని కొడుకు ఒక ఉపాయం చెప్పిండట: "కరెంటు ఫీజు పీకేద్దాం, నల్లా బంద్ చేద్దాం, వాళ్ళు ఊరికి పోయిన్నాడు తాళం ఏద్దాం." సిద్దిపేటలనే కాదు, తెలంగాణల ఏ పట్నంల చూసినా ఓనర్లకు అందరికంటే ముందు దొరికే సలహా ఇదే. ఆమెకు మనసొప్పలేదు. "పిల్లలున్నరు గదా బిడ్డా" అన్నది. సరే, చట్టం ఏమంటదో చూద్దామని ఇద్దరం వకీలు దగ్గరికి పోయినం.

వకీలు కాగితాలు చూడకముందే ఒక్కటే ప్రశ్న అడిగిండు: "కిరాయి ఎంత?"

5,500 అని చెప్పినం.

"అయితే రెంట్ కంట్రోల్ చట్టం మీకు వర్తించది. సివిల్ దావా ఏసుకోవాలె" అన్నడు.

ఉద్యమంల పదేండ్లు తిరిగినోన్ని, డిగ్రీ చదివినోన్ని, పేపర్ల పనిచేసేటోన్ని. నా ఊర్ల కిరాయి ఇండ్లకు కిరాయి చట్టమే వర్తించదని నాకు ఆనాడు తెలిసింది. ఈ వ్యాసం అందుకే రాస్తున్న.

మన చట్టం ఎటు పోయింది

హైదరాబాద్ రాష్ట్రానికి 1954లో సొంత కిరాయి చట్టం ఉండె. ఇండ్ల కిరాయి, ఖాళీ చేయించుడు, లీజుల మీద చేసిన చట్టం అది. ఆంధ్ర ప్రాంతానికి 1949 నాటి మద్రాసు చట్టం ఉండె. 1956లో రెండు ప్రాంతాలను కలిపినంక, 1960లో రెంటినీ తీసేసి ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం తెచ్చిండ్రు. అది జంట నగరాలకు, మున్సిపాలిటీలకు వర్తిస్తది. పల్లెలకు లేదు.

చట్టంల మంచి ఉన్నది. ఓనర్ ఇష్టమొచ్చినప్పుడు పొమ్మంటే కుదరదు, కారణం చూపాలె. కావాలని కిరాయి ఎగ్గొట్టుడు, రాతపూర్వక ఒప్పుకోలు లేకుండ ఇంకొకరికి కిరాయికి ఇచ్చుడు, ఇంటిని పాడుచేసుడు, ఇరుగుపొరుగుకు పీడ అయ్యుడు, ఇంటి మీద ఓనర్ హక్కునే కాదనుడు, ఇట్లాంటి కారణాలను పదో సెక్షన్‌ల రాసిండ్రు. ఓనర్‌కు నిజంగ సొంతానికి ఇల్లు అవసరమైతే అది గూడ కారణమే. కాని సొంతానికని ఖాళీ చేయించి నెల లోపల అందుల దిగకపోతే, కిరాయిదారు మళ్ళ తన ఇల్లు తనకియ్యమని అడుగొచ్చు. నీళ్ళు, కరెంటు ఆపొద్దని ఉన్నది. న్యాయమైన కిరాయి నిర్ణయించమని ఇద్దరిల ఎవ్వలైనా అడుగొచ్చు. ఓనర్ కిరాయి తీసుకోను పో అంటే కిరాయిదారు దాన్ని జమ చేసే దారి కూడ చూపెట్టింది. కిరాయి ఎగ్గొట్టుడు బుద్ధిపూర్వకం కాదని తేలితే 15 రోజుల గడువిచ్చి కట్టించుకొమ్మన్నది. వినేటాయన రెంట్ కంట్రోలర్. జిల్లా పట్నాలల్ల సివిల్ జడ్జికే ఆ అధికారం.

ఇంత మంచి చట్టం పెద్దమ్మకు గాని, ఆ టిఫిన్ బండి ఆయనకు గాని ఎందుకు పనికిరాకుంట పోయింది? జవాబు 32వ సెక్షన్‌ల ఉన్నది.

గీత కథ

1960లో చట్టం చేసినప్పుడే ఒక గీత గీసిండ్రు. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇండ్లకు ఈ చట్టం లేదన్నరు. కొత్త ఇండ్లు కట్టెటోళ్ళకు ఉత్సాహం రావాలని ఆ వెసులుబాటు. ఆనాటికి సబబే. కాని గీత అక్కడనే ఉన్నది, కాలం నడుచుకుంట పోయింది. ఇరవై ఆరేండ్లకు, 1983లో, మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసుల సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. మొదట సమంజసమైన తేడా గూడ కాలం గడుస్తుంటే అన్యాయంగ మారుతదని చెప్పింది. ఈ మాటను యాదిల పెట్టుకోండి. మళ్ళ దీని దగ్గరికే వస్త.

కోర్టు ఒక గీత చెరిపేస్తే సర్కారు ఇంకో రెండు గీసింది. అదే 1983 డిసెంబర్‌ల, కట్టి పదేండ్లు కాని ఇండ్లకు, నెలకు వెయ్యి రూపాయలు దాటిన కిరాయి ఇండ్లకు చట్టం లేదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ తర్వాత 2005లో చట్టాన్నే సవరించిండ్రు. పదేండ్లను 15 ఏండ్లు చేసిండ్రు. కిరాయి గీతను మున్సిపల్ కార్పొరేషన్లల్ల 3,500కు, తక్కిన చోట్ల 2,000కు జరిపిండ్రు.

సిద్దిపేట మున్సిపాలిటీ, కార్పొరేషన్ కాదు. కాబట్టి మన గీత 2,000.

2005లో రెండు వేలంటే మాటే. సిద్దిపేటల మంచి పోర్షన్ వచ్చేది. ఇయ్యాల? 2016 అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా అయ్యింది. కలెక్టరేట్ వచ్చింది, ఆఫీసులు వచ్చినయి, నౌకరీలోళ్ళు వచ్చిండ్రు. 2018లో మెడికల్ కాలేజీ మొదలైంది. 2023 అక్టోబర్‌ల రైలు వచ్చింది. ఇవన్నీ మనం కొట్లాడి అడిగినవే, సంతోషమే. కాని ముస్తాబాద్ చౌరస్తా నుంచి రంగధాంపల్లి దాక తిరిగి, రెండు వేలకు వంటర్ర, బాత్రూం ఉన్న పోర్షన్ ఒక్కటి చూపెట్టండి. గ్రూప్స్‌కు చదివే పిలగాడు, పోలీసు పరీక్షకు ఉరికే పిల్ల, అప్పుడే నౌకరి వచ్చిన టీచరు, అందరు గీత బయటనే. ఎక్కడన్న గీత లోపట మిగిలినయంటే అవి ఎన్నో ఏండ్ల కింద చిన్న కిరాయికిచ్చిన పాత మల్గీలే. అంటే చట్టం నీడ పాత దుకాణానికి దొరుకుతది, కొత్తగ పట్నమొచ్చిన బీదోనికి దొరకది.

గీత బయట పడ్డ ఓనర్

గీత బయట ఉంటే ఓనర్‌కు లాభమే గదా, కారణం చూపే పని లేదు గదా అని కొందరు అంటరు. కాగితం మీద అది నిజమే. గీత బయట ఉన్న ఇండ్లకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం వర్తిస్తది. నెలనెల కిరాయి ఒప్పందమైతే 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు చాలు. నోటీసు రాతల ఉండాలె, సంతకం ఉండాలె. పోస్టుల పంపొచ్చు, చేతికియ్యొచ్చు, ఇంట్లోళ్ళకు ఇయ్యొచ్చు, అదేదీ కుదరకపోతే ఇంటి మీద కనపడేతట్టు అంటియ్యొచ్చు.

కాని నోటీసుతోని ఇల్లు ఖాళీ కాదు. పదిహేను రోజులు దాటినంక సివిల్ కోర్టుల దావా ఏయాలె. ఏడాది కిరాయి లెక్కన కోర్టు ఫీజు కట్టాలె. అవతలాయన జవాబు దాఖలు చెయ్యాలె, సాక్ష్యాలు నడువాలె, వాదనలు వినాలె. డిక్రీ వచ్చినా ఆయన కదలకపోతే అమలు కోసం మళ్ళ దరఖాస్తు. అప్పుడు కోర్టు అమీన్ వచ్చి ఇల్లు అప్పజెప్పుతడు. నడుమల అప్పీలు. ఇన్ని మెట్లు ఎక్కేటాల్లకు ముసలి పానానికి ఎన్నేండ్లు పడుతదో వకీలు గూడ చెప్పలేదు. ఓనర్‌కు హక్కు ఉన్నది, ఆ హక్కుకు కాళ్ళు లేవు. ఆ కాళ్ళు లేకనే తాళం ఉపాయం పుట్టింది.

దారిల గుంతలు గూడ ఉన్నయి. నోటీసు ఇచ్చినంక ఏం రాయకుండ కిరాయి తీసుకుంటే, నోటీసు రద్దయిందని అవతలి వకీలు వాదిస్తడు. నోటీసు హక్కు పోకుండ తీసుకుంటున్ననని రశీదు మీద రాసుకోవాలె. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాలె. అందుకే అందరు 11 నెలల కాగితం రాస్తరు. కాని 11 నెలలు ఒడిసినయని కిరాయిదారు తనంతట తను వెళ్ళిపోవాలని ఏ మంత్రం లేదు. మళ్ళ నోటీసు, మళ్ళ దావే.

ఓనర్లను అందరికంటే ఎక్కువ భయపెట్టే మాట ఇంకోటుంది. పన్నెండేండ్లు ఉంటే ఇల్లు కిరాయిదారుదే అయితదట. ఇది ఒట్టి మాట. కిరాయికి దిగినోడు ఓనర్ ఒప్పుకోలుతోని ఉన్నట్టు. ఎన్నేండ్లు ఉన్నా అది కబ్జా హక్కు కాదు, కిరాయిదారుగ ఉంటూ ఓనర్ హక్కును కాదనే వీలు గూడ సాక్ష్యాల చట్టం ఇయ్యది. ఈ లేని భయంతోనే ఎంతోమంది రెండేండ్లకోసారి ఏ తప్పు చెయ్యని కుటుంబాలను ఎళ్ళగొడుతున్నరు.

తాళం ఏస్తే ఏమైతది

పెద్దమ్మ తమ్ముని కొడుకు ఉపాయం సంగతి గూడ వకీలును అడిగినం. ఆయన నవ్విండు. "తాళం ఏస్తే మీ కేసు మీరే చంపుకున్నట్టు" అన్నడు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం ఆరో సెక్షన్ కింద, కోర్టు లేకుండ ఇంట్లకెళ్ళి ఎళ్ళగొట్టినోని మీద ఆరు నెలల లోపల దావా ఏయొచ్చు. ఇల్లు ఎవ్వలిదన్నది ఆ కోర్టు చూడది. ఎవ్వలు ఉంటుండ్రి, ఎట్ల ఎళ్ళగొట్టిండ్రన్నదే చూస్తది. చూసి మళ్ళ ఇంట్లకు పంపుతది. అవతలి మనిషికి ఇంటి మీద హక్కు లేకున్నా చట్టం దారిలనే ఎళ్ళగొట్టాలె తప్ప బలంతోని కాదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణారాం మహాలే కేసుల చెప్పింది.

ఠాణాకు పోతే పని అయితదనేది ఇంకో నమ్మకం. కొట్లాటైతే పోలీసులు రావాలె. ఇల్లు ఖాళీ చేయించే అధికారం మాత్రం వాళ్ళకు లేదు. సెటిల్మెంట్లు చేసే పెద్దమనుషుల దగ్గరికి పోతే ఓనర్‌కు కిరాయి పోతది, కిరాయిదారుకు సామాన్ పోతది, నడుమోనికి కమీషన్ మిగులుతది.

గీత బయట పడ్డ కిరాయిదారు

కిరాయిదారు దిక్కు నుంచి చూడుండ్రి. రెండు వేల గీత దాటిన ఇంట్ల ఉన్నోనికి ఏ కారణం చెప్పకుంటనే 15 రోజుల నోటీసు రావొచ్చు. ఏడాదికి ఎంత పెంచాలనే హద్దు లేదు. న్యాయమైన కిరాయి నిర్ణయించమని కంట్రోలర్ దగ్గరికి పోరాదు. అడ్వాన్స్ ఓనర్ నోటికి ఎంతొస్తే అంత. ఖాళీ చేసిన్నాడు ఆ అడ్వాన్స్‌ల సున్నానికింత, నల్లాకింత, గోడ మీది మొలకింత అని కోసుకుంట పోతే అడిగే జాగ లేదు. కులమడిగి, మతమడిగి ఇల్లియ్యని ఓనర్ల సంగతి సరేసరి, అది ఇంకో వ్యాసం.

ఉద్యోగ మిత్రులకు ప్రత్యేకంగ ఒక మాట. 2021 డిసెంబర్‌ల 317 జీవో వచ్చినంక ఎంతమంది జిల్లాలు మారిండ్రో మీకే ఎరుక. ఒక జిల్లాల సొంతిల్లు కిరాయికిచ్చి, ఇంకో జిల్లాల కిరాయికి ఉంటున్నోళ్ళు మీలనే ఉన్నరు. నెల మొదట్ల ఓనర్, నెల ఆఖర్న కిరాయిదారు. ఈ కొట్లాటల రెండు దిక్కులా మీరే ఉన్నరు. మీకంటే బాగ ఈ న్యాయం ఎవ్వలడుగుతరు?

బోర్డు మార్చుకున్నం

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2016 జూన్‌ల పాత చట్టాలను తెలంగాణకు అన్వయిస్తూ ఉత్తర్వు ఇచ్చుకున్నం. 1960 చట్టంల "ఆంధ్రప్రదేశ్" అనే మాట పోయి "తెలంగాణ" అనే మాట వచ్చింది. రెండు వేల అంకె అట్లనే ఉన్నది. పేరు కోసమే కొట్లాడినమా మనం? మన బతుకులకు సరిపోయే చట్టాలు మనమే చేసుకుంటమని గదా అన్నది.

ఇగ చేదు సంగతి వినుండ్రి. మనం పాత చట్టానికి పేరు మార్చుకొని కూసుంటే, ఆంధ్రప్రదేశ్ 2017లో కొత్త కిరాయి చట్టం చేసుకున్నది. తమిళనాడు గూడ అదే ఏడు చేసి 2019 నుంచి అమలుల పెట్టింది. 2021లో కేంద్ర కేబినెట్ మాదిరి అద్దె చట్టానికి ఒప్పుకున్నది. ఏ రోజో తెలుసా? జూన్ 2. మనం జెండా ఎగరేసిన రోజే.

ఆ మాదిరి చట్టంల అడ్వాన్స్‌కు హద్దు ఉన్నది: ఇండ్లకు రెండు నెలల కిరాయి, దుకాణాలకు ఆరు నెలలది. ఒప్పందం రాతల ఉండాలె. కిరాయి తగాదాలకే అథారిటీ, కోర్టు, ట్రిబ్యునల్ ఉండాలె. గడువు ఒడిసినా ఖాళీ చెయ్యకపోతే మొదటి రెండు నెలలకు డబుల్ కిరాయి, ఆ తర్వాత నాలుగింతలు. గొడవ నడుస్తున్నా నీళ్ళు, కరెంటు ఆపొద్దు. అంత మంచిగనే ఉన్నదని నేననను. న్యాయమైన కిరాయి అనే మాటనే అందుల లేదు. కిరాయి బజారు రేటుకు వదిలేసిండ్రు. నాలుగింతల జరిమానా బీదోని మెడ విరుస్తది. కేంద్రం పంపిన కాగితాన్ని కళ్ళకద్దుకొని తెచ్చుకొమ్మని నేనంటలేను. దాన్ని ముంగట పెట్టుకొని మన చట్టం మనం రాసుకోవాలంటున్న.

అందుల ఏముండాలె? ఒకటి, 2,000, 3,500 గీతలు పోవాలె. గీత ఉండాల్సిందే అంటే ఏడేడాది ధరలతోని జరగాలె. రెండు, తాలూకా పట్నాలల్ల గూడ కిరాయి తగాదాలకు రోజుల లెక్కన గడువున్న కోర్టు ఉండాలె. మూడు, అడ్వాన్స్‌కు హద్దు, వాపసుకు తారీఖు. నాలుగు, తాళం ఏసినోనికి, నల్లా ఆపినోనికి అక్కడికక్కడే శిక్ష. అయిదు, ఒకటి రెండు పోర్షన్ల మీద బతికే ముసలోళ్ళకు, ఒంటరి ఆడోళ్ళకు తొందర విచారణ. పది అపార్ట్‌మెంట్లున్నోనికి, ఒక్క పోర్షన్ ఉన్న పెద్దమ్మకు ఒకటే తూకం న్యాయం కాదు.

1983లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇక్కడ మళ్ళ యాది చేస్తున్న. ఒకప్పుడు సబబైన గీత గూడ కాలం గడిస్తే అన్యాయం అయితది. 1957 గీతకు ఇరవై ఆరేండ్లకు ఆయుష్షు తీరింది. 2005 గీతకు ఇరవై ఏండ్లు నిండినయి. దాన్ని గూడ కోర్టే చెరపాలెనా? మన అసెంబ్లీ దేనికున్నది?

పెద్దమ్మ సంగతి ఏమైందంటరేమో. దావా ఏయలేదు. వకీలే మంచి మాట చెప్పిండు. న్యాయసేవా సంస్థల దరఖాస్తు పెట్టుకుంటే, కేసు ఏయకముందే లోక్ అదాలత్‌ల కూసోబెట్టి మాట్లాడిస్తరు. కోర్టు ఫీజు లేదు. అక్కడ ఒప్పుకున్నది సివిల్ కోర్టు డిక్రీతోని సమానం, దాని మీద అప్పీలు లేదు. ఇద్దరిని కూసోబెట్టిండ్రు. పది నెలల బాకీ 55,000. అడ్వాన్స్ 30,000 పోను 25,000 తేలింది. పెద్దమ్మ పది వేలు ఇడిచిపెట్టింది. మిగిలిన పదిహేను వేలు మూడు వాయిదాలల్ల ఇయ్యాలె, రెండు నెలల్ల ఖాళీ చెయ్యాలె, ఆ రెండు నెలల కిరాయి నెలనెల కట్టాలె. ఆయన ఒప్పుకున్నడు. మాట మీద నిలబడ్డడు. సామాన్ ఆటోల ఎక్కిస్తుంటే పెద్దమ్మ పిల్లల చేతుల చెరో వంద పెట్టింది.

అది ఇద్దరు మంచోళ్ళు ఎదురుపడ్డందుకు అయిన పని. ఇద్దరిల ఏ ఒక్కరు మొండికేసినా, పెద్దమ్మ ఇయ్యాలటికి కోర్టు వరండాల కూసునేది, లేకుంటే ఆ పిల్లలు తాళమేసిన తలుపు ముంగట కూసునేటోళ్ళు. మంచితనం ఉన్నకాడ చట్టం అక్కరలేదు. అది లేనికాడనే కావాలె. సమ్మె నెలల్ల మా దగ్గర కిరాయి అడుగని సారు ఇంటికి, సారు పోయినంక ఆసరా కావాల్సిన చట్టం, గీత అవతల నిలబడి చూసింది. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంల ఆ గీతను చెరిపేయమని అడుగుడు విద్యార్థులది, ఉద్యోగులది, ఓనర్లది అందరి పని. వచ్చే అసెంబ్లీ సమావేశాలకు ముందే మీ ఎమ్మెల్యేను ఒక్క ప్రశ్న అడుగుండ్రి: "రెండు వేలకు మన ఊర్ల ఇల్లు ఎక్కడున్నది, చూపెట్టు."